తాగుడు మానాలనుకున్నవాడికి గది ఏది? హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఒక ప్రశ్న

2024 అక్టోబరు 14న ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. మొత్తం 3,396 దుకాణాలు. వాటికి వచ్చిన దరఖాస్తులు దాదాపు 90 వేలు. ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము 2 లక్షల రూపాయలు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు దాదాపు 1,800 కోట్లు చేరాయి. ఏ మండలంలో ఎన్ని, ఏ మునిసిపాలిటీలో ఎన్ని అని లెక్కగట్టి మరీ దుకాణాలను ప్రకటించారు. కాబట్టి హిందూపురంలో గానీ, పెనుకొండలో గానీ, ధర్మవరంలో గానీ తాగాలనుకున్న మనిషి ఎవరినీ దారి అడగనక్కర్లేదు.

మానాలనుకున్న మనిషి మాత్రం అందరినీ అడగాలి. "అన్నా, తాగుడు మానేవాళ్లు కూర్చుని మాట్లాడుకునే మీటింగు దగ్గర్లో యాడన్నా జరుగుతాదా?" ఈ ప్రశ్న మా దాకా వచ్చినప్పుడల్లా చివరికి తేలే జవాబులు రెండే: అనంతపురం పో, లేదా బెంగళూరు పో. ధర్మవరం నుంచి అనంతపురం నలభై కిలోమీటర్లు. హిందూపురం నుంచి అయితే అటు అనంతపురమైనా ఇటు బెంగళూరైనా దాదాపు నూరేసి కిలోమీటర్లు. ఆస్పత్రికైతే ఒకసారో రెండుసార్లో పోవచ్చు. వారం వారం, అదీ పని దిగాక సాయంత్రం పూట కూర్చోవాల్సిన మీటింగుకు నూరు కిలోమీటర్లు పోయి వచ్చే కూలీ ఎవరూ ఉండరు.

ఇక్కడ అడుగుతున్నది ఆస్పత్రి గురించి కాదు. ఆస్పత్రి పది రోజులో ఇరవై రోజులో ఉంచుకుని ఒంట్లోంచి మందును దించుతుంది. ఆ తర్వాత ఇంటికొచ్చిన మనిషికి సాయంత్రం ఏడయ్యేసరికి ఏం చేయాలో తోచదు. ఆ వేళకు ఒక చోటు కావాలి. ఆ చోటి కథ కూడా ఇలాంటి వెతుకులాటతోనే మొదలైంది. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ వ్యాపారి అమెరికాలోని అక్రాన్ పట్టణంలో ఒక హోటల్లో ఒంటరిగా ఉన్నాడు. అప్పటికి కొన్ని నెలలుగా తాగడం లేదు. ఆ సాయంత్రం మళ్లీ తాగబుద్ధయింది. బారులోకి పోకుండా ఫోను దగ్గరికి పోయి, ఊళ్లోని మతగురువులకు ఫోన్లు చేసి, తాగుడుతో అవస్థ పడుతున్న మరో మనిషిని తనకు చూపించమని అడిగాడు. అలా దొరికిన మనిషి డాక్టర్ బాబ్ స్మిత్. ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆ ఏడాది జూన్ 10ని ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) పుట్టినరోజుగా లెక్కిస్తారు. మన దేశానికి అది 1957లో వచ్చింది.

ఏఏ మీటింగుకు ఫీజు లేదు, హాజరుపట్టీ లేదు, ఇంటిపేరు అడగరు. తాగుడు మానాలనే కోరిక ఒక్కటే సభ్యత్వానికి అర్హత. గంటా, గంటన్నర కూర్చుంటారు. ఒకరి తర్వాత ఒకరు తమ సంగతి చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డుపడరు, నీతులు చెప్పరు. ఖర్చులకు సభ్యులే పదో పరకో వేసుకుంటారు. బయటి విరాళాలు తీసుకోరు. మూసిన మీటింగుకు మానాలనుకునేవాళ్లు మాత్రమే రావాలి. తెరిచిన మీటింగుకు ఇంట్లోవాళ్లు, విద్యార్థులు, ఎవరైనా రావచ్చు. ఇదంతా మాటలే కదా, పని చేస్తుందా అని అడిగేవాళ్లకు ఒక లెక్క ఉంది. 27 అధ్యయనాలను, 10,565 మందిని పరిశీలించిన 2020 నాటి కాక్రేన్ సమీక్ష, ఏఏకీ దానికి అనుసంధానం చేసే పద్ధతులకీ పూర్తిగా మానేయించడంలో ఇతర చికిత్సల కంటే మెరుగైన ఫలితాలే ఉన్నాయని తేల్చింది.

మరి మన దగ్గర అవసరం ఎంత? సామాజిక న్యాయ, సాధికారత శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ 2019లో ప్రచురించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యం విషయంలో సాయం అవసరమైనవాళ్లు 5.7 కోట్లు. తాగుడుకు బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరు. తాగుడు సమస్యగా మారిన జనం నూటికి పది మందికి మించి ఉన్న రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ ఉంది. సర్వే చేయించిన శాఖ ఏదో గమనించండి. మన పిల్లల ఎస్సీ స్కాలర్‌షిప్పులు చూసే కేంద్ర శాఖే వ్యసన విముక్తినీ చూస్తుంది. స్కాలర్‌షిప్పు ఆగితే కలెక్టరేటు ముందు కూర్చుంటాం. డీ-అడిక్షన్ పద్దు సంగతి మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఎందుకు అడగలేదో మనకు తెలుసు. "ఎస్సీ కాలనీవాళ్లు తాగుబోతులు" అనే మాట కూలి ఎగ్గొట్టేవాడి నోట, ఇల్లు అద్దెకివ్వనివాడి నోట, భూమి పంచితే అమ్ముకు తాగుతారనే అధికారి నోట విన్నవాళ్లం. మన వాడలో తాగుడుందని బయట చెబితే ఆ మాటకు మనమే సాక్ష్యం ఇచ్చినట్టవుతుందని వెనకాడతాం. ఊళ్లో పెద్దకులాల ఇళ్లలో ఫ్రిజ్ లోపలి సీసా ఎవరికీ కనిపించదు. మన మనిషి వీధిలో పడిపోతే ఊరంతా చూస్తుంది. ఈ వెనకాడటానికి కారణం న్యాయమైనదే. కానీ దాని ఖర్చు పడుతున్నది మన ఇళ్లలోని ఆడవాళ్లమీద, పిల్లలమీద.

పైగా ఈ తాగుడు మన వాడల్లోకి దానంతటదే రాలేదు. చావుకు డప్పు కొట్టడానికి పిలిచినప్పుడు డబ్బుతోపాటు మందు ఇవ్వడం మామూలు. కొన్నిచోట్ల డబ్బు తగ్గించి మందు పెంచుతారు. పోస్టుమార్టం గదిలో శవాన్ని కోసే సహాయకుడు, మురుగు కాలువలో దిగే పారిశుధ్య కార్మికుడు ముందు ఒక క్వార్టర్ వేసుకోకుండా ఆ కంపు తట్టుకోలేమని చెబుతారు. ఎన్నికలప్పుడు కాలనీకి ఆటోల్లో సీసాలు దిగుతాయి. కులం అప్పజెప్పిన పనికి మందు ఒక పనిముట్టు, సగం కూలి కూడా. అలాంటి మనిషికి "నీ మనసు గట్టి చేసుకో" అని చెప్పడం తేలిక. డప్పు కొట్టే రోజున "నాకు మందొద్దు, ఆ డబ్బు ఇవ్వండి" అని అడగడం తేలిక కాదు. అడిగినవాణ్ని మర్నాడు పిలవకపోవచ్చు.

ధర సంగతి కూడా చూడాలి. 2019 తర్వాత ప్రభుత్వ దుకాణాల కాలంలో మద్యం ధరలు విపరీతంగా పెరిగినప్పుడు ఈ సరిహద్దు ఊళ్లలో తాగుడు ఆగలేదు. గౌరిబిదనూరు, పావగడ వైపు నుంచి కర్ణాటక టెట్రా ప్యాకెట్లు దొడ్డిదారిన వచ్చాయి. 2024 విధానం 99 రూపాయల క్వార్టర్‌ను తెచ్చింది. అదే 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. రోజుకు ఒక్క క్వార్టర్ తాగినా కూలిలో మూడో వంతు పోతుంది. పెంచినప్పుడు అక్రమ సరుకు, తగ్గించినప్పుడు సక్రమ సరుకు. రెండు విధానాల్లోనూ మానే దారి గురించి వినిపించింది చాలా తక్కువ.

అంబేడ్కర్ ఈ విషయంలో రెండు వేర్వేరు పనులు చేశారు. 1951లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఎన్నికల ప్రణాళికలో మద్య నిషేధాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఖజానా కోల్పోయే ఆదాయం చదువులకు, సంక్షేమానికి కావాలన్నది ఆ వాదన. 1956 అక్టోబరులో నాగపూర్‌లో తన వెంట వచ్చిన లక్షల మంది చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్న ప్రతిజ్ఞ ఉంది. చాలామందికి ఇది వైరుధ్యంగా కనిపిస్తుంది. మాకు అలా అనిపించదు. పోలీసు లాఠీతో మాన్పించడం వేరు, పదిమంది కలిసి ఒకరి ముందొకరు మాట ఇచ్చుకుని మానడం వేరు. మొదటిదాన్ని ఆయన నమ్మలేదు. రెండోదాన్ని తన ఉద్యమంలో భాగం చేశారు.

మన రాష్ట్రం మొదటి దారిలో ఒకసారి నడిచి చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటాన్ని మోసింది దళిత, వెనుకబడిన కులాల పేద ఆడవాళ్లే. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఆ పోరాటం దుకాణాన్ని మూయించగలిగింది. అప్పటికే సారాకు బానిసైన మొగుణ్ని ఎక్కడికి తీసుకుపోవాలో ఆ ఆడవాళ్లకు ఏ ప్రభుత్వమూ చెప్పలేదు.

అయినా మన ఊళ్లలో మానేవాళ్లు మానుతూనే ఉన్నారు. ఎలా అని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న మనిషి 41 రోజులు చుక్క ముట్టడు. భక్తి ఒక్కటే దానికి కారణం అనుకోలేం. ఆ 41 రోజులూ అతనికి ఒక గుంపు ఉంటుంది. రోజూ సాయంత్రం భజన ఉంటుంది. నల్లబట్టలు చూసి బ్రాందీ షాపు దగ్గరి స్నేహితులు కూడా పిలవరు. అన్నిటికంటే ముఖ్యం, ఏడాదంతా "ఒరేయ్" అని పిలిచిన ఊరు ఆ 41 రోజులూ "స్వామీ" అంటుంది. మాల తీసిన రోజున గుంపు పోతుంది, పిలుపు పోతుంది. చాలామంది ఆ రాత్రే మళ్లీ మొదలుపెడతారు. చర్చి ప్రార్థన కూటాల్లో మానిన క్రైస్తవ దళితుల సంగతి కూడా ఇలాంటిదే, కాకపోతే ఆ కూటం ఏడాది పొడుగునా ఉంటుంది కాబట్టి కొందరు నిలబడతారు. అంటే మీటింగు ఎలా పని చేస్తుందో మన జనానికి ముందే తెలుసు. లేనిదల్లా మతం మారకుండా, మాల వేయకుండా, వారం వారం కూర్చోగలిగే చోటు.

ఆ చోటు లేనందువల్లే పసరు మందులవాళ్ల వ్యాపారం నడుస్తోంది. "తాగేవారికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి" అనే గోడ ప్రకటనలు చూడనివాళ్లు ఉండరు. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడే మందుల్లో డైసల్ఫిరామ్ ఒకటి. అది ఒంట్లో ఉండగా తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం పోవచ్చు. అందుకే రోగికి చెప్పి, ఒప్పించి, డాక్టరు పర్యవేక్షణలోనే ఇవ్వాలి. ఇంకో ప్రమాదం గురించి కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రోజే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి, లేనివి కనిపించే స్థితి రావచ్చు. అది ప్రాణాంతకం. అలాంటివాళ్లకు ముందు ఆస్పత్రి, తర్వాత మీటింగు. హిందూపురంలో జిల్లా ఆస్పత్రి ఉంది, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక కేంద్రమే ఉంది. పేరూ లైసెన్సూ అడగకుండా, గొలుసులు వేసే, కొట్టే ప్రైవేటు కేంద్రాలకు మాత్రం పంపకండి.

చట్టం ఈ విషయంలో మనవైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం దురుపయోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే గుర్తించింది. దాని 18వ సెక్షన్ కులం పేరుతో వివక్ష లేకుండా చికిత్స పొందే హక్కు ఇచ్చింది. పేదలకు ఉచితంగా ఇవ్వాలని చెప్పింది. చట్టం చెప్పిన కనీస సేవలు ఉండే జిల్లాలో దొరకకపోతే, అదే జిల్లాలోని మరో చోట పొందిన చికిత్స ఖర్చు ప్రభుత్వమే భరించాలంది. ఆ కనీస సేవల్లో ఆస్పత్రి మంచాలే కాదు, ఇంటి దగ్గర, వాడ దగ్గర అందించే పునరావాస సేవలూ ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడ్డాక ఈ ప్రశ్న ఇక అనంతపురాన్ని కాదు, పుట్టపర్తి కలెక్టరేటును అడగాలి. ఈ జిల్లాలో వ్యసన విముక్తికి వచ్చిన నిధులెన్ని, సహాయం పొందుతున్న కేంద్రాలు ఎక్కడున్నాయి, వాటిలో చేరినవాళ్లలో ఎస్సీ, ఎస్టీలు ఎంతమంది? సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు. విద్యార్థి సంఘాలు ఈ పని ఈ నెలలోనే చేయొచ్చు.

ఇప్పుడే, ఇవాళే మీటింగు కావాల్సినవాళ్లకు మేం చెప్పేది ఇది. కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, రెండూ ఉచితం. దగ్గర్లోని కేంద్రం ఏదో అడగండి. టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు. ఏఏ ఇండియా తన మీటింగుల జాబితాను ఊళ్లవారీగా ఇస్తుంది. అందులో పేరు కనిపించగానే బస్సెక్కకుండా ముందు ఫోను చేసి రోజు, వేళ, భాష అడగండి. కన్నడ, ఇంగ్లీషు మీటింగుల్లో తెలుగు మనిషి నోరు మెదపకుండా కూర్చుని తిరిగొస్తే రెండోసారి పోడు. ఫోనులో జరిగే మీటింగులు దూరాన్ని తగ్గిస్తాయి. అయితే ఒకే గది ఇంట్లో, భార్యాపిల్లలు, అత్తామామలు వింటుండగా తన బతుకు కథ ఫోనులో చెప్పగలిగే మనిషి అరుదు. అందుకే మళ్లీ గది దగ్గరికే వస్తాం.

గది ఎక్కడ ఉండాలనేది కులం ప్రశ్న. గుడి సత్రంలో పెడితే మనవాళ్లు గడప దగ్గరే ఆగుతారు. చర్చిలో పెడితే మిగతావాళ్లు రారు. సచివాలయంలో ఖాళీ గది ఉంటుంది, కానీ అక్కడే మహిళా పోలీసు కూర్చుంటుంది. తాగి ఇంట్లో గొడవపడిన మనిషి ఆ మెట్లెక్కడు. పెనుకొండ దగ్గర కియా, దాని అనుబంధ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే కాంట్రాక్టు కార్మికుడికి సాయంత్రం మీటింగు ఒక వారం కుదిరితే ఇంకో వారం కుదరదు. ధర్మవరంలో మగ్గం మీద కూర్చునేవాళ్లకు వేరే వేళ కావాలి. మా అభిప్రాయంలో మూడు ఊళ్లలోనూ అంబేడ్కర్ భవన్‌లో, లేదా ఎస్సీ కాలనీ కమ్యూనిటీ హాల్లో పెట్టడమే సరైనది. అక్కడ పెడితే పైకులాలవాళ్లు రారంటారు. రావాలనుకున్నవాళ్లు వస్తారు. బ్రాందీ షాపు దగ్గర కులం లేదని గొప్పగా చెప్పుకునేవాళ్లు, తాగుడు మానే చోట కూడా అదే గ్లాసులో టీ తాగి చూపించాలి. టీ గ్లాసు చిన్న విషయం కాదు. రెండు గ్లాసుల పద్ధతి చూసిన మనిషి ఆ గదిలో మొదట చూసేది దాన్నే.

'అనామకత్వం' మన దగ్గర వేరే అర్థం తీసుకుంటుంది. అక్రాన్‌లో పేరు చెప్పకపోతే మనిషి తెలియడు. పెనుకొండలో పేరు చెప్పకపోయినా వీధిని బట్టి కులం, కులాన్ని బట్టి ఇల్లు తెలిసిపోతాయి. మన వాడలో ఎవరు తాగుతారో అందరికీ తెలుసు కాబట్టి దాచాల్సింది తాగుడు కాదు, ఆ గదిలో చెప్పుకున్న మాటలు. కొట్టిన దెబ్బలు, తాకట్టు పెట్టిన పుస్తెలు, పడిన అవమానాలు. అవి గది దాటి బయటికి రాకూడదు. ముఖ్యంగా సంఘ నాయకుల చెవికి, పార్టీల చెవికి చేరకూడదు.

ఏఏ పన్నెండు మెట్లలో మొదటిది, మద్యం ముందు మనం శక్తిహీనులమని ఒప్పుకోమంటుంది. పుట్టిన దగ్గర్నుంచీ నీకు శక్తి లేదని విన్న మనిషి చేత మళ్లీ అదే అనిపించడం మాకు ఇబ్బందిగానే ఉంటుంది. 1975లో అమెరికాలో జీన్ కిర్క్‌పాట్రిక్ ఆడవాళ్ల కోసం వేరే సంఘం పెట్టినప్పుడు కూడా ఇలాంటి అభ్యంతరమే లేవదీసింది. దేవుణ్ని నమ్మని అంబేడ్కర్‌వాదులకు 'మనకు అర్థమైన దేవుడు' అనే మాట దగ్గర ఇంకో చిక్కు. ఈ మాటల్ని మార్చుకోవచ్చు, బుద్ధుడి పంచశీలతో మొదలుపెట్టుకోవచ్చు, అప్పుడు దానికి ఏఏ పేరు వాడకుండా వేరే పేరు పెట్టుకుంటే సరి. గదిని మాత్రం వదులుకోవద్దు. 1945లో వాషింగ్టన్‌లో నల్లజాతి డాక్టరు ఒకరు తనవాళ్ల కోసం ఏఏ గ్రూపు మొదలుపెట్టారు. తెల్లవాళ్ల మీటింగులు తలుపు తెరిచేదాకా వాళ్లు ఆగలేదు.

డాక్టర్లు లేరు కదా అనే మాటకు రెండు జవాబులున్నాయి. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి తాగేవాళ్లతో మాట్లాడించారు. మూడు నెలలకు తాగుడు అదుపులోకి వచ్చినవాళ్లు మామూలు వైద్యంతో 26 శాతమైతే, ఈ పద్ధతిలో 36 శాతం. తమిళనాడులో శాంతి రంగనాథన్ 1980లో మొదలుపెట్టిన టీటీకే ఆస్పత్రి చెన్నైలోనే కూర్చోలేదు. మంజక్కుడి లాంటి పల్లెకే పోయి శిబిరం పెట్టి, ఊరివాళ్లనే తోడు తీసుకుని చికిత్స చేసింది. ధర్మవరం పక్కన బత్తలపల్లిలో ఆర్డీటీ ఆస్పత్రి ఉంది, పల్లెల్లో ఆర్డీటీ సంఘాలున్నాయి. మంజక్కుడిలో చేసింది ఇక్కడ అసాధ్యమేమీ కాదు.

ఆడవాళ్ల మాట విడిగా చెప్పాలి. తాగేవాళ్ల ఇంట్లోవాళ్లకు 1951 నుంచే అల్-అనాన్ అనే వేరే మీటింగు ఉంది. మన దగ్గర పొదుపు సంఘం మీటింగులో అప్పు కంతు గురించి మాట్లాడతారు, ఆ కంతు ఎందుకు ఆగిందో మాట్లాడరు. తాగే ఆడవాళ్లు కూడా ఉన్నారు. కూలి పనిలో, పారిశుధ్య పనిలో ఒళ్లు నొప్పులకు మొదలుపెట్టినవాళ్లు. మగవాళ్ల మధ్య కూర్చుని వాళ్లు నోరు విప్పరు. వాళ్లకు వేరే రోజు, వేరే వేళ ఉండాలి.

మొదలుపెట్టడానికి ఇద్దరు ముగ్గురు చాలు. మానాలనుకునే ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే అదే గ్రూపని ఏఏ సంప్రదాయమే చెబుతుంది. ఏప్రిల్ 14న తెరిచి పూలదండ వేసి, డిసెంబరు 6న మళ్లీ తెరిచి, మిగతా రోజులు తాళం వేసి ఉంచే అంబేడ్కర్ భవనాలు మన పట్టణాల్లో ఎన్నో ఉన్నాయి. వచ్చే ఆదివారం సాయంత్రం ఏడింటికి ఒక్క గంటకు ఆ తాళం తీయమని కమిటీవాళ్లను అడగాలి. టీ ఫ్లాస్కు, ఒకేరకం గ్లాసులు వచ్చినవాళ్లే తెచ్చుకుంటారు.